అయితే మేడం

ఆ సాయంకాలపు లా కాలేజీలో ఆవిడ అసలు పేరు ఎవరి నోటా నిలవలేదు. ముందు "మేడం" అంటారు, వెనకాల "అయితే మేడం" అంటారు. తనని ఏమంటారో ఆవిడకి బాగా తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండటం టీచర్లకి పుట్టుకతో వచ్చే విద్య కదా!

ఆ పేరు ఊరికే రాలేదు. చట్టంలో చాలా సెక్షన్లు ముందు ఒక మాట గట్టిగా చెప్పేస్తాయి. చెప్పేసి, కిందికొచ్చాక కాస్త మెత్తబడి, "అయితే" అని మొదలుపెట్టి కొందరిని వదిలిపెడతాయి. చదివేవాడు పై మాట చదవగానే అంతా తెలిసిపోయిందనుకుని పుస్తకం మూస్తాడు. అప్పుడు ఆవిడ బల్ల మీద వేలితో టకటకా కొట్టి, "అయితే?" అంటుంది.

"అయితే ఏంటి మేడం?"

"అదే నేనూ అడుగుతున్నా. కింద అయితే అని ఉంది. చదివావా?"

చదివి ఉండడు. క్లాసంతా నవ్వుతుంది. ఆవిడ మాత్రం నవ్వదు. "పూర్తిగా చదవని వాడు అసలు చదవని వాడికన్నా ప్రమాదం. చదవని వాడు కనీసం నోరు మూసుకుంటాడు" అంటుంది.

కాలేజీ అంటే పెద్దగా ఊహించుకోకండి. టైర్ల దుకాణం మీద ఒక పొడుగాటి హాలు, నాలుగు ఫ్యాన్లు, వాటిలో తిరిగేవి కొన్ని. వచ్చేవాళ్లు పగలంతా ఎక్కడో ఒకచోట ఒళ్లు వంచి పనిచేసి వచ్చేవాళ్లే. ఆసుపత్రిలో నర్సు ఒకావిడ, సిటీ బస్సు కండక్టరు ఒకాయన, దర్జీ ఒకాయన, ఇంకా అలాంటివాళ్లు. వెనక బెంచీలో కునుకు తీసేవాళ్లని ఆవిడ ఎప్పుడూ లేపలేదు. కండక్టరు గారైతే కళ్లు మూసుకునే పాఠం వినేవాడు, అడిగితే మాత్రం జవాబు చెప్పేవాడు.

వాళ్లకి చట్టం చదవడం ఎలాగో నేర్పడమే ఆవిడ పని. ఏం చట్టం అని కాదు, ఏ చట్టమైనా. మొదటి రోజు ఎప్పుడూ ఒకటే లెక్చరు. పార్కులో "గడ్డి మీద నడవరాదు" అని బోర్డు ఉంది. మరి గడ్డి కోయాల్సిన తోటమాలి ఏం చెయ్యాలి, ఎగరాలా? అందరూ నవ్వుతారు. "నవ్వారు కదా, ఎందుకు నవ్వారు? బోర్డు మీద తోటమాలి తప్ప అని రాసి లేదే! రాయకపోయినా మీకు తెలుసు. ఆ బోర్డు గడ్డిని కాపాడటానికి పెట్టింది, తోటమాలిని తరమడానికి కాదు. రూలంటే మందు. మందు చూడగానే మింగెయ్యకండి. ముందు ఏ జబ్బుకి రాశారో కనుక్కోండి."

ఇంత చక్కగా చెప్పే మనిషి ఇంటికెళ్లి ఏం చేసేదయ్యా అంటే, ఏమీ చేసేది కాదు. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఆ ఇంట్లో ఆవిడతో నోరు విప్పి మాట్లాడేది కుక్కరొక్కటే. పెళ్లి సంగతికొస్తే, కుదిరినవి ఆవిడకి నచ్చలేదు, నచ్చినది కుదరలేదు, అంతకు మించి అందులో కథ లేదు. మందుల డబ్బాలో కాగితం కూడా చివరిదాకా చదివేది. లిఫ్టులో "బరువైన సామాన్లు ఎక్కించరాదు" అని అంటించిన రోజున వాచ్‌మన్‌ని నిలబెట్టి, "బరువంటే ఎంత బాబూ? నీ బరువా, నా బరువా?" అని అడిగింది. ఆయన తల గోక్కుని, "మీరు ఎక్కండమ్మా, మీరు సామాను కాదు కదా" అన్నాడు. ఆ రోజు మొత్తం మీద ఆవిడతో ఎవరైనా అన్న మంచి మాట అదొక్కటే. ఇంట్లోకొచ్చి దాన్ని తలుచుకుని నవ్వుకుంది. చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ లేరు.

ఒకప్పుడు ఉండేది. చెల్లెలు. దాన్ని చిట్టి అనేవాళ్లు ఇంట్లో. తల్లి పోయేనాటికి చిట్టికి జడ వేసుకోవడం కూడా రాదు. అక్కే వేసింది, అక్కే బడికి పంపింది, జ్వరమొస్తే అక్క మీదే కాళ్లు వేసుకుని పడుకుంది. చిట్టికి కోపం ముక్కు మీదే ఉండేది. ప్లేటు విసిరేసి, "నీతో జన్మలో మాట్లాడను పో" అని గది తలుపు వేసుకునేది. తెల్లారేసరికి అక్క దుప్పట్లో దూరేది. పెళ్లయ్యాక అదే ఊళ్లో, బస్సెక్కితే చేరేంత దూరంలో కాపురం పెట్టింది. మరిది గడియారాలు బాగుచేసే మనిషి. చేతిలో పని ఎంత సన్నమో, నోట్లో మాట అంత సన్నం. ఆయన మాట వినాలంటే పక్కన ఫ్యాను ఆపాలి అని చిట్టి ఏడిపించేది. సెలవు రోజున అక్క అక్కడే ఉండేది. ముగ్గురూ కాఫీ కప్పులు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేవాళ్లు. చిట్టి కూతురు "పెద్దమ్మా, పెద్దమ్మా" అంటూ కొంగు పట్టుకుని తిరిగేది.

ఆ పిల్లతోనే వచ్చిపడింది తంటా. పిల్ల పెద్దదై, తానూ లా చదువుతానంది, పెద్దమ్మ కాలేజీలోనే. దరఖాస్తు ఇవ్వాల్సిన ఆఖరి రోజున ఎక్కిన బస్సు దారిలో చెడిపోయింది. పిల్ల చెమటలు కక్కుకుంటూ పరుగెత్తుకొచ్చేసరికి దరఖాస్తులు తీసుకునే కిటికీ మూసేశారు. గుమస్తా మంచివాడు. "మేడం, మీ అమ్మాయే కదా, తీసేసుకుంటాను" అన్నాడు. అడ్మిషన్ల కమిటీలో ఉన్నది ఈవిడే. ఈవిడ వద్దంది.

"ఇందాక ఇంకెవరో ఆలస్యమై, కిటికీ మూసి ఉంటే చూసి వెనక్కి పోయుంటారు. వాళ్లకి లోపల పెద్దమ్మ లేదు" అంది.

ఆ మాట తప్పని ఏ కోర్టూ అనదు. గడువు దగ్గర అందరికీ ఒకటే గీత, అక్కడ ఉద్దేశాలు వెతకకూడదని ఆవిడే పాఠం చెప్పేది. ఆవిడ చేసింది న్యాయమే. ఏం లాభం? పిల్లకి ఏడాది పోయింది. ఆ పిల్ల మరుసటి ఏడు ఇంకేదో చదివి, హాయిగా ఉద్యోగం చేసుకుంటూ వేరే ఊళ్లో ఉంది, పెద్దమ్మ మీద దానికి కోపం లేదు. కోపమంతా వాళ్లమ్మదే.

ఆ సాయంత్రం ఈవిడ నచ్చజెప్దామని చెల్లెలింటికి వెళ్లింది. వెళ్లిన మనిషి, "అదలా కాదే, నిబంధన ఏమిటంటే" అని మొదలుపెట్టింది. ఏడ్చి ఏడ్చి ఉన్న తల్లి ముందు నిబంధన ఏమిటంటే అని మొదలుపెడితే ఏమవుతుందో మీరే చెప్పండి!

"నా కూతురికన్నా నీకు ఆ కిటికీ ఎక్కువైందా?" అంది చిట్టి. "నన్ను పెంచావు కదా అని ఇన్నాళ్లూ నీ రూళ్లన్నీ భరించాను. చాలు. ఇంక నేను పిలిచేదాకా నా గడప తొక్కొద్దు!"

అక్క లేచింది. చెప్పులేసుకుంది, మెట్లు దిగింది, వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

తర్వాత జరిగింది చెబితే మీకు నవ్వొస్తుంది, నవ్వాక బాధేస్తుంది. ఆ మాటని ఆవిడ సెక్షన్ చదివినట్టు చదివింది. "నేను పిలిచేదాకా" అంది. నేను అంటే చిట్టి. కాబట్టి మరిది పిలిస్తే చెల్లదు, పిల్ల పిలిస్తే చెల్లదు. "నా గడప" అంది. కాబట్టి రోడ్డు మీద కనపడితే తప్పు లేదు. ఒకసారి కనపడింది కూడా, మందుల షాపు ముందు. ఇద్దరూ చూసుకున్నారు. చిట్టి పిలుస్తుందేమోనని ఈవిడ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడింది. చిట్టి కూడా నిలబడింది. ఆ తర్వాత చిట్టి ఎక్కాల్సిన బస్సు వచ్చింది.

పిల్ల పెళ్లి కార్డు పోస్టులో వచ్చింది. మరిది పేరుతో వచ్చింది. పెళ్లి హాల్లో కాబట్టి అది చిట్టి గడప కాదు, వెళ్లొచ్చు అని తీర్పు చెప్పుకుని వెళ్లింది. ఆఖరి వరసలో కూర్చుంది. పిల్లని దూరం నుంచే కళ్లారా చూసుకుని, భోజనాలకి లేచే హడావిడిలో బయటపడింది. ఇంటికొచ్చి ఉన్న అన్నంలో పెరుగు కలుపుకుంది. పిల్ల తర్వాత ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఎందుకలా వెళ్లిపోయావు? అమ్మతో ఒక్కసారి మాట్లాడు" అని బతిమాలింది. "మీ అమ్మ పిలవనీ తల్లీ" అంది ఈవిడ. అంతే, పట్టిన పట్టు విడవలేదు. అది పంతం అని మనం అంటాం. ఆవిడ మాత్రం దాన్ని చెల్లెలి మాటకి తాను ఇస్తున్న విలువ అనుకుంది. ఇన్నేళ్లూ ఫోన్ మోగిన ప్రతిసారీ ఆవిడ చేతిలో ఉన్నది కింద పెట్టి పరుగెత్తేది. ఎవడో బ్యాంకు లోను కావాలా అని అడిగేవాడు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం నిజంగా మోగింది. మరిది.

"వదినగారూ" అన్నాడు. "చిట్టికి ఒంట్లో బాగాలేదండీ. పక్షవాతం అన్నారు. కుడివైపు లేవడం లేదు. ఆసుపత్రి నుంచి నిన్ననే ఇంటికి తెచ్చాం."

"ఎలా ఉంది? ఏమంటోంది?"

"ఏమీ అనడం లేదండీ. మాట పడిపోయింది. మళ్లీ వస్తుందని గట్టిగా చెప్పలేమన్నారు. మీకు చెప్పాలి కదా అని. ఉంటానండీ."

రమ్మని ఆయన అనలేదు. అనే అలవాటు ఆయనకి లేదు. ఫోన్ పెట్టేశాక ఆవిడ కుర్చీలో కూలబడింది. ఇంకొకరైతే ఆ నిమిషమే చెప్పులేసుకునేవాళ్లు. ఆవిడా చెప్పులదాకా వెళ్లింది. వెళ్లి, అక్కడ ఆగిపోయింది. చిట్టి పిలవలేదు. చిట్టి ఇంక ఎప్పటికీ పిలవలేదు. తీరా వెళితే, వద్దని నోరారా చెప్పడానికి కూడా లేని మనిషి మంచం పక్కన, దాని మాట కాదని నిలబడినట్టు అవుతుంది. మాట లేని మనిషిని మోసం చేసినట్టు కాదూ? ఒక చెప్పులో కాలు పెట్టి, రెండో కాలు నేల మీద ఉంచి అలాగే నిలబడిపోయింది. క్లాసు వేళయింది. రెండో చెప్పు కూడా వేసుకుని క్లాసుకి పోయింది! ఏమనాలి ఈ మనిషిని?

ఆ రోజు పాఠం ఏదో ఆవిడకే తెలియదు. పుస్తకం తెరిచింది, మూసింది. కింద టైర్లకి గాలి కొట్టే మోత వినిపిస్తోంది.

"ఒక లెక్క ఇస్తాను, ఆలోచించండి" అంది. "ఒకావిడ ఒక రూలు పెట్టింది. నేను పిలిచేదాకా ఫలానా మనిషి నా ఇంటికి రాకూడదని. రూలు తీసెయ్యగలిగింది ఆవిడొక్కతే. ఇప్పుడు ఆవిడకి మాట పడిపోయింది. రూలు ఉన్నట్టా, పోయినట్టా?"

దర్జీ ముందు లేచాడు. "ఉన్నట్టే మేడం. తీసేసేవాళ్లే లేకపోతే ఇంక ఎప్పటికీ ఉన్నట్టే."

"కూర్చో" అంది ఆవిడ.

కండక్టరు కళ్లు తెరిచాడు. "మేడం, మాకూ ఒక రూలుంది. స్టాపులో తప్ప బస్సు ఆపకూడదని. మొన్న బస్సులో ఒకావిడకి నొప్పులొచ్చాయి. డ్రైవరు ఆసుపత్రి గేటు ముందే ఆపాడు. అక్కడ స్టాపు లేదు. నేను విజిలేసి పోనియ్యి అనాలా?"

"అనకూడదు."

"మరి మీ లెక్కలో ఆవిడ ఆ రూలు ఏ జబ్బుకి పెట్టింది మేడం? ముందు జబ్బేంటో కనుక్కోమని మీరే అంటారుగా."

"కోపానికి" అంది ఆవిడ.

"కోపం ఉందా ఇంకా?"

"తెలీదు."

"వెళ్లి చూస్తేనే కదా తెలిసేది? కోపముంటే మొహం తిప్పుకుంటుంది. అప్పుడు వెనక్కి రావచ్చు. మాట లేకపోతే మొహం కూడా లేదా?"

ఎవరూ నవ్వలేదు. ఆవిడ సుద్దముక్క చేతిలో పట్టుకుని గుమ్మం వైపు చూడటం ముందు వరసలో ఉన్న నర్సు చూసింది. లేచి, బల్ల మీదున్న ఆవిడ హ్యాండ్‌బ్యాగు తీసి భుజానికి తగిలించింది.

"వెళ్లండి మేడం" అంది మెల్లగా. "అలాంటివాళ్లకి లోపల అన్నీ తెలుస్తుంటాయి. ఎవరొచ్చారో, ఎవరు రాలేదో కూడా తెలుస్తుంది."

చేరిన నాటి నుంచి ఆవిడ క్లాసు మధ్యలో వదిలి వెళ్లడం అదే మొదలు. చేతిలో సుద్దముక్క బస్సెక్కాక చూసుకుంది.

చెల్లెలింటి మెట్లు మారలేదు. రెయిలింగు మాత్రం కొత్తగా వేయించినట్టున్నారు. పైకి ఎక్కేసరికి తలుపు తీసే ఉంది. ముందు గదిలోనే, కిటికీ పక్కన మంచం వేశారు. తలగడల మీద ఆనుకుని ఒక మనిషి. సగం నెరిసిన జుట్టు చిక్కులు పడి ఉంది. ఒకవైపు మూతి కిందికి జారింది. ఇదా నా చిట్టి అనుకుంది. అయినా ఆవిడ గడప ఇవతలే ఆగిపోయింది. ఇంత దూరమొచ్చి, ఆ ఒక్క అడుగూ పడలేదు.

మరిది వంటగదిలోంచి వచ్చి చూశాడు.

"రండి వదినగారూ, అక్కడే నిలబడ్డారేం?"

"చిట్టి పిలిచేదాకా రావద్దంది కదండీ" అంది ఆవిడ. చిన్నపిల్ల చెప్పినట్టు చెప్పింది.

ఆయన చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని ఆవిడ వంక చూశాడు. అప్పుడు ఆయన మాట్లాడినంత పొడుగు మాట ఆవిడ ఎప్పుడూ వినలేదు.

"ఆ రోజు మాటాండీ? ఆ మాట పట్టుకున్నారా ఇన్నాళ్లూ? మీరు గబగబా మెట్లు దిగిపోయారు. మీరు ఆఖరి మెట్టు దిగకముందే ఇంకో మాట కూడా అంది కదండీ. మీకు వినపడిందనుకున్నాను. 'అయినా అక్క నా మాట ఎప్పుడు విన్నది కనక! నేను పిలిచినా పిలవకపోయినా పొద్దున్నే కాఫీకి వచ్చి కూర్చుంటుంది చూడండి' అంది. పొద్దున మూడు కప్పులు పెట్టింది. తర్వాత చాలా రోజులు పెట్టింది. నేను పిలుచుకొస్తానంటే వద్దంది. పిలిపించుకుని రావడానికి అక్కేమైనా పరాయిదా, అదే వస్తుంది అంది."

అయితే మేడం ద్వారబంధం పట్టుకుంది. ఊరందరికీ కిందిదాకా చదవమని చెప్పిన మనిషి, కింద ఉన్న మాట వినకుండా మెట్లు దిగేసింది. ఆ మాటకి చివర ఒక కప్పు కాఫీ ఉంది. అది ఎన్ని పొద్దులు చల్లారిపోయిందో!

ఎలా లోపలికి వెళ్లిందో ఆవిడకి గుర్తులేదు. మంచం మీద కూర్చుంది. చిట్టి ఎడమచెయ్యి లేచింది. లేచి అక్క భుజం మీద పడింది, దెబ్బే. ఇంకో దెబ్బ. బలం లేదు గాని కోపానికి లోటు లేదు. మూడోసారి పడ్డ చెయ్యి మళ్లీ లేవలేదు. అక్క జాకెట్టు చెయ్యి గుప్పిట్లో పట్టుకుని ఉండిపోయింది.

"కొట్టు" అంది అక్క. "కొట్టవే. నాకు కావాల్సిందే."

చిట్టి నోరు తెరిచింది. పెదవి ఒకవైపే కదిలింది. గొంతులోంచి ఒక మోత వచ్చింది, మాట కాదు. మళ్లీ ప్రయత్నించింది. కంట్లోంచి నీళ్లు జారి చెవిలోకి పోయాయి. ఎన్నేళ్ల తిట్లో, ఎన్నేళ్ల పిలుపులో లోపల పేరుకుని ఉన్నాయి. వాటిలో ఒక్కటీ బయటికి రాదు. చెల్లెలి గొంతుతో ఆవిడకి మిగిలిన ఆఖరి మాట, గడప తొక్కొద్దన్నదే. ఇంక ఎన్నాళ్లు బతికినా అదే మిగులుతుంది.

అక్క చిక్కు పడిన ఆ జుట్టుని చెవి వెనక్కి తోసింది. వంగి, చెవి దాని నోటి దగ్గర పెట్టింది.

"చెప్పవే చిట్టీ. మెల్లగా చెప్పు. ఈసారి చివరిదాకా వింటాను."

మరిది వెళ్లి ఫ్యాను ఆపాడు. చిట్టి ఏదో చెబుతూనే ఉంది, ఒక్క మాట కూడా తెలియలేదు. అక్క తల ఎత్తకుండా వింటూనే ఉంది.